బొంత కింద గొంతు

నేను ఒక బొంతను. రజాయిని కాను, దుప్పటిని కాను. పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచులు లోపలికి మడిచి, ఈ చివరి నుంచి ఆ చివరికి దారం లాగి కుట్టిన మామూలు బొంతను. మెత్తగా ఉంటాను కాబట్టి నా మనసూ మెత్తనే అనుకుంటారు జనం. నన్ను మొహానికి అదుముకుని ఏడ్చినవాళ్లున్నారు. వాళ్ల కన్నీళ్లు నాకు తడిగా తగిలాయి, అంతే. ఎండలో ఆరేస్తే పోయాయి. ఇన్ని పొరలు పేర్చాక దేనికైనా స్పర్శ మొద్దుబారుతుంది. అందుకని నేను చెప్పేదాంట్లో మీకు పెద్దగా ఏడుపూ నవ్వూ దొరక్కపోతే ఏమీ అనుకోకండి.

నన్ను కుట్టింది సువార్తమ్మ. నందిగామ దగ్గర ఒక ఊళ్లో మిరపకోతలకు వెళ్లే మనిషి. ఆవిడ కట్టి కట్టి చివికిపోయిన నేతచీరలు నా పైపొరలు. లోపల ఆవిడ భర్త పంచెలు. అడుగున ఎవరో ఇచ్చిన పువ్వుల వాయిలు చీర. దబ్బనం వేలికి దిగినప్పుడల్లా "ప్రభువా" అనేది, ఆ వెంటనే దబ్బనాన్ని నోటికొచ్చినట్టు తిట్టేది. నా మీదే కూర్చుని నన్ను కుట్టేది కాబట్టి నడుము దగ్గర నా కుట్లు వంకర తిరిగాయి. ఆ వంకర గురించి ఎవరూ అడగలేదు, నేనూ పట్టించుకోలేదు.

మొదట నన్ను ఆవిడ కొడుకు ఏసోబు లారీ మీదికి తీసుకెళ్లాడు. లారీలు ఆగే చోట ఇంజన్లు ఆగవు, హారన్లు ఆగవు. ఏసోబు నన్ను తలమీంచి చెవుల చుట్టూ చుట్టుకుని ఆ గోల మధ్య హాయిగా పడుకునేవాడు. నేను చలికే కాదు, చప్పుడుకి కూడా పనికొస్తానని అక్కడే తెలిసింది. చప్పుడు నా దాకా వచ్చి పొరల్లో ఎక్కడో ఇంకిపోతుంది. ఎక్కడికి పోతుందో నాకూ తెలియదు. తర్వాత ఏసోబు పరుపు కొనుక్కుని నన్ను తల్లి దగ్గర పడేశాడు. ఆవిడ సోడా వేసి ఉడకబెట్టి ఉతికినా డీజిలు వాసన పూర్తిగా వదల్లేదు.

సువార్తమ్మ పోయాక ఇంట్లో సామాను పంచుకున్నారు. మంచం, మేకలు ఏసోబుకి. నేను ఆవిడ కూతురు రూతుకి. "అమ్మ చీరలే గదా, నువ్వే ఉంచుకో" అన్నాడు ఏసోబు, పెద్ద ఆస్తేదో వదులుకున్నట్టు మొహం పెట్టి. రూతు నన్ను చుట్టచుట్టి బెజవాడ బస్సెక్కింది.

రూతు ఉండేది కృష్ణలంకలో, సందులోకి కిటికీ ఉన్న మేడమీది ఒంటిగది పోర్షన్లో. భర్త యోబు ఒక పత్తి గోడౌనుకి రాత్రి వాచ్‌మన్. పగలంతా ఆ గదిలోనే నిద్రపోతాడు. రూతు ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేది. స్కూలు మూతపడింది. పిల్లలు వేరే స్కూళ్లకు వెళ్లారు, రూతు ఇంటికొచ్చింది. క్లాసులో ఆవిడ కథ చదువుతుంటే వెనక బెంచీల వాళ్లు కూడా మాట్లాడుకోవడం ఆపేసేవాళ్లట. ఈ మాట ఆవిడ యోబుతో చాలాసార్లు చెప్పింది. "నువ్వు చదవతా ఉంటే నాక్కూడా భలే నిద్ర పడుద్ది" అనేవాడు యోబు. మెచ్చుకోవడానికే అన్నాడు.

అలా ఉండగా రూతు ఫోన్లో ఒక ప్రకటన చూసింది. కథల పుస్తకాలు చదివించి జనానికి వినిపించే కంపెనీ ఒకటి హైదరాబాదులో ఉంది. వాళ్లు పంపిన కథను చదివి, రికార్డు చేసి, నెలాఖరులోగా పంపాలి. నచ్చితే వరసగా పుస్తకాలిస్తారు, ఇంట్లో కూర్చునే చదవొచ్చు. షరతు ఒక్కటే. చదివే గొంతు తప్ప వెనకాల ఇంకే చప్పుడూ వినపడకూడదు.

ఆ కథలో ఒక పిల్ల రైల్వే స్టేషన్లో తప్పిపోతుంది. రోజంతా తిరిగి తిరిగి, సాయంత్రానికి ఎదుటి ప్లాట్‌ఫారం మీద తల్లిని చూసి "అమ్మా" అని పిలుస్తుంది. కథంతా ఆ ఒక్క పిలుపు కోసమే రాసినట్టుంటుంది. రూతు ఆ కథ మొదటిసారి చదివిన పూట అన్నం తినలేదు. ఈ పని తనకే రావాలని గట్టిగా అనుకుంది. స్కూలు పోయాక ఆవిడ గొంతు వినడానికి చేతిలో పని పక్కన పెట్టి కూర్చున్న మనిషి ఒక్కరూ లేరు. ఎవరైనా ఒకరు చెవి ఒగ్గి వినాలని ఆవిడ కోరిక. ఇంకే ఆశా ఆవిడలో నాకు కనిపించలేదు.

గొంతుంది, ఫోనుంది, కథ ఉంది. చప్పుడు లేని చోటే లేదు. మనుషులు ఒకరి పక్కన ఒకరు ఇళ్లు కట్టుకుంటారు, కట్టుకున్నాక ఒకరి చప్పుడు ఒకరికి పడదు. పక్క పోర్షన్లో మిక్సీ, కింద వాటాలో కుట్టుమిషను, ఎదురింట్లో టీవీ. వాటితో ఎలాగో వేగొచ్చు, ఎప్పుడో ఒకప్పుడు ఆగుతాయి. గదిలో యోబు గురక ఆగదు. రాత్రంతా కాపలా కాసి వచ్చిన మనిషిని లేపి బయటికి పొమ్మనడానికి రూతుకి మనసొప్పలేదు.

అప్పుడు ఆవిడకి నేను గుర్తొచ్చాను. కిటికీ వేసింది, ఫ్యాను ఆపింది, మూలకి చేరి నన్ను తలమీంచి కప్పుకుంది. ఒక చేతిలో టార్చి, ఒళ్లో కథ కాగితాలు, మోకాళ్ల మధ్య ఫోను. ఎండాకాలం, బెజవాడ, పైన బొంత. మిగతాది మీరే ఊహించుకోండి. చెమట కణతల మీంచి కారి కాగితాల మీద పడుతుంటే నేను పీల్చగలిగినంత పీల్చాను. ఆవిడ ఊపిరి నా లోపల, ఊరంతా నా బయట. కథ సగంలో ఉండగా యోబు ఒళ్లంతా తడిసి లేచాడు.

"ఫ్యాను ఆగిందేందే? కరెంటు పోయిందా?"

"ఆ, పోయింది. పడుకో."

పాపం, నమ్మి పడుకున్నాడు. ఆ మాటలు తీసేసి మిగతాది అతికించి రూతు హైదరాబాదు పంపింది. కంపెనీ అతను మర్యాదగానే జవాబిచ్చాడు. "చదవడం బాగుందండీ. కానీ వెనకాల ఎవరో నిద్రపోతున్నారు" అన్నాడు. గడువుంది కాబట్టి మళ్లీ ప్రయత్నించమన్నాడు.

చర్చి పాస్టరుగారిని అడిగితే పనిరోజుల్లో మధ్యాహ్నం పూట వచ్చి చదువుకోమని తాళం ఇచ్చారు. రూతు నన్ను చుట్టి చంకలో పెట్టుకుని, మంచినీళ్ల సీసా పట్టుకుని సందులో నడిచింది. మా వైపు చంకలో బొంతతో ఆడమనిషి నడిచిందంటే ఆస్పత్రిలో ఎవరికో తోడు పడుకోవడానికి వెళ్తోందనే లెక్క. ఎదురొచ్చిన ప్రతివాళ్లూ ఆగి, "అయ్యో, ఎవరికమ్మా? ఏ ఆస్పత్రి?" అని అడిగారు. కథలు చదవడానికి చర్చికి బొంత తీసుకెళ్తున్నానని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చివరికి ఒకామెతో "మా అత్తకి" అనేసింది రూతు. ఆ ఆదివారం చర్చిలో ఆవిడ అత్తగారి ఆరోగ్యం కోసం ప్రత్యేక ప్రార్థన చేశారు. అత్తగారు కన్నుమూసి చాలా ఏళ్లయింది. రూతు తలవంచుకుని ఆమెన్ అంది.

చర్చిలో చప్పుడైతే లేదు. కానీ ఎత్తైన కప్పు, బోసి గోడలు. ఆవిడ ఒక మాటంటే గోడలు దాన్నే మళ్లీ అనేవి. నేను ఒక్కదాన్ని అంత పెద్ద హాలుకి ఏం సరిపోతాను? "బావిలో కూర్చుని చదివారాండీ?" అని అడిగాడు కంపెనీ అతను. రూతు తాళం తిరిగిచ్చేసింది.

మళ్లీ గది, మళ్లీ నేను. యోబుని పక్కకి తిప్పి పడుకోబెడితే గురక తగ్గుతుందని కనిపెట్టింది. మిక్సీలు ఆగే వేళ చూసుకుంది. కథ చక్కగా సాగేది. పిల్ల స్టేషన్లో బెదురుబెదురుగా తిరుగుతూ ఉండేది. సరిగ్గా అప్పుడు సందు మొదట్లోంచి మైకులో వినపడేది.

"అమ్మా... పాత చీరలు, పాత ప్యాంట్లు, పాత చొక్కాలు. చిరిగినవైనా పర్లేదమ్మా. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ టబ్బులు ఇవ్వబడును."

ఏ చప్పుడునైనా కొంత మింగగలను. దీన్ని మాత్రం మింగలేకపోయాను. నా లోపల చదివే గొంతూ బయట అరిచే గొంతూ ఒకటే.

స్కూల్లో పనిచేసే రోజుల్లో వీధి చివర సెల్లు షాపతను బతిమాలితే, ఎవరో బండివాడి కోసం నిలబడ్డపళంగా నాలుగు ముక్కలు ఫోన్లో రికార్డు చేసి వచ్చింది రూతు. తెలుగు టీచరు కాబట్టి "ఇస్తాం" అనకుండా "ఇవ్వబడును" అంది. బట్టలు అడిగేవాడు అంత మర్యాదగా అడగడం ఆడవాళ్లకి నచ్చింది, గిరాకీ పెరిగింది. అది విని ఇంకో బండివాడు తన మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నాడు, అతని దగ్గర్నుంచి మరొకడు. ఇప్పుడు పాత బట్టల బండి ఏ ఊళ్లో తిరిగినా అందులోంచి అరిచేది రూతే. "నీ గొంతొచ్చిందే" అని నిద్రలో గొణిగి యోబు మళ్లీ వెల్లకిలా తిరిగేవాడు. గురక మొదలయ్యేది. రూతు ఫోను ఆపేసి నన్ను తీసి పక్కన పడేసేది.

చెమటకి తడిసిన నన్ను పిట్టగోడ మీద ఆరేసి ఒకరోజు ఆవిడ కిందికి దిగింది. బండి అతని పేరు సైదులు. పల్నాడు వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి.

"బాబాయ్, ఈ సందులో కాసేపు ఆ మైకు ఆపవా? ఇంట్లో పని చేసుకుంటున్నా, ఇబ్బందవుతోంది."

సైదులు నోట్లోంచి మాట కన్నా గాలే ఎక్కువ వచ్చింది. "ఆపితే నేనే అరవాలమ్మా. అరిచీ అరిచీ నా గొంతు ఎప్పుడో పోయింది. డాక్టరు అసలు మాట్టాడొద్దన్నాడు. ఈ యమ్మ ఎవరో గానీ, ఈమె దయవల్లే నాలుగు వేళ్లు నోట్లోకి పోతున్నయ్."

"ఎవరో తెలీదా?"

"సినిమావోళ్లెవరో అయ్యుంటారు. మనలాంటోళ్లకి అట్టాంటి గొంతు యాడుంటది?"

తనదేనని రూతు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో పిట్టగోడ మీంచి నాకు అర్థం కాలేదు. గిన్నెలు బేరం చేసేదానిలా కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి పైకి వచ్చేసింది. మైకు సందు చివరిదాకా అరుస్తూ వెళ్లింది.

నెలాఖరు దగ్గరపడింది. భోజనం దగ్గర రూతు మాట్లాడటం మానేసింది. యోబు మొదట కూర బాగుందన్నాడు, తర్వాత కూర బాగాలేదన్నాడు, రెండింటికీ జవాబు రాకపోయేసరికి సంగతేమిటని అడిగాడు. అంతా విన్నాక కాసేపు తల గోక్కున్నాడు.

"ఆదివారం మా గోడౌన్లో లోడింగుండదు గదా. పగటి వాచ్‌మన్ మనోడే. వచ్చి చదువుకో. అంత దూదిలో ఏం వినపడుద్దే?"

ఇంతకాలం ఆ మాట ఇద్దరికీ తట్టలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ముగ్గురం షేరాటోలో ఊరి బయటికి వెళ్లాం. పగటి వాచ్‌మన్ తాళం తీసి టీకి పోయాడు. కప్పుదాకా పేర్చిన పత్తి బేళ్లు, మధ్యలో మనిషి పట్టేంత దారి. యోబు తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రూతు దారి చివరిదాకా వెళ్లి, నన్ను కప్పుకోకుండా నేల మీద పరిచి, నా మీద బాసింపట్టు వేసుకుంది. నా చుట్టూ ఉన్నవాళ్లంతా నా వాళ్లే, ఇంకా నూలు కాకముందు, చీర కాకముందు. తలుపు దగ్గరికి వేశాక రోడ్డు వినపడలేదు, పావురాలు వినపడలేదు. నేను చెయ్యాల్సిన పని నాకంటే బాగా చేసేవాళ్లు అంతమంది ఉన్నారు. నాకు ఊరికే పడుకోవడం తప్ప పనేమీ లేకపోయింది.

రూతు ఆగకుండా చదివింది. పిల్ల స్టేషనంతా తిరిగింది, టీ కొట్టు దగ్గర నిలబడింది, చీకటి పడుతుంటే భయపడింది. ఎదుటి ప్లాట్‌ఫారం మీద తల్లి కనపడింది. "అమ్మా" అని రూతు పిలిచింది.

ఆ పిలుపు నాకు తగిలింది. ఇంతవరకు నాకేదీ తగల్లేదని గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను, ఇది తగిలింది. అది నాలో ఇంకలేదు, నా పొరలన్నీ దాటుకుంటూ అడుగున ఉన్న వాయిలు చీరదాకా పోయింది. సంతోషం వేసింది నాకు. చదవడం అయిపోయి రూతు తల తిప్పి చూస్తే, యోబు స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. నిద్రపోలేదు.

వారం మధ్యలో కంపెనీ అతను ఫోను చేశాడు. నేను రూతు ఒళ్లో ఉన్నాను. ఒక మూల కుట్లు ఊడితే సరిచేస్తోంది.

"రూతుగారూ, చాలా బాగా వచ్చిందండీ. ఒక్క చప్పుడు లేదు. స్టూడియోకి వెళ్లారా?"

"లేదండీ, పత్తి గోడౌనుకి."

అతను నవ్వాడు. "చిన్న ఇబ్బందండీ. చివర్లో ఆ 'అమ్మా' అన్న చోట మా ఆఫీసులో అందరూ నవ్వేశారు. ఏమీ అనుకోకండి. మా వీధుల్లో పాత చీరల బండ్లు వస్తాయి, వాటిలో గొంతు అచ్చం ఇలాగే ఉంటుంది. మీరు 'అమ్మా' అనగానే తర్వాత పాత ప్యాంట్లు అంటారేమో అనిపిస్తోంది. కథ అక్కడ దెబ్బతింటోందండీ."

"అది నేనేనండీ" అంది రూతు.

"ఓ" అన్నాడు అతను. మంచివాడే. ఆ ఒక్క మాటా ఇంకోలా అని పంపండి, అప్పుడు చూద్దాం అన్నాడు. రూతు సరేనంది. సూది నాలోనే గుచ్చి ఉంచి మర్చిపోయింది.

మర్నాడు నన్ను కప్పుకుని కూర్చుంది. కథ కాగితాలు తెచ్చుకోలేదు. ఫోను పెట్టి "అమ్మా" అంది. వింది. చెరిపేసింది. మెల్లగా అంది, గట్టిగా అంది. గొంతు సన్నం చేసి చిన్నపిల్లలా అంది, ఏడుపు తెచ్చుకుని అంది. ప్రతిసారీ ఫోన్లోంచి బండే వచ్చింది. చివరికి ఆ మాటకి అర్థం కూడా పోయి, ఉత్త చప్పుడు మిగిలింది. ఆవిడ తల్లి కట్టిన చీరలు ఆవిడ చుట్టూ ఉన్నాయి. అన్నిసార్లు "అమ్మా" అన్నా, సువార్తమ్మని పిలిచింది మాత్రం ఒక్కసారీ లేదు.

యోబు లేచి వచ్చి నా అంచు పైకెత్తి చూశాడు. "మీ అమ్మ గుర్తొచ్చిందా?"

"లేదు. పని."

"ఏడవమాకే."

"నేనేం ఏడవట్లా."

నిజమే, ఏడవలేదు. ఏడిస్తే నాకు తెలిసేది. నా మీద పడింది చెమటే. యోబు నన్నూ రూతునీ కలిపి వీపు మీద కాసేపు నిమిరి, ఏం చెయ్యాలో తోచక వెళ్లి ఫ్యాను వేశాడు. రూతు హైదరాబాదు ఏమీ పంపలేదు. నెల మారింది. అటు నుంచీ ఫోను రాలేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం సందులోకి బండి వచ్చినప్పుడు, రూతు నన్ను చుట్టి చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. ఎవరి ఆస్పత్రి అని ఈసారి ఎవరూ అడగలేదు. సైదులు బేరం కోసం మైకు ఆపి, నన్ను విప్పి చూసి పెదవి విరిచాడు.

"బొంతలు తీసుకోనమ్మా. ఎవురు కొంటారు?"

"చిరిగినవైనా పర్లేదని నేనే చెప్పాను గదా బాబాయ్."

అతనికి అర్థం కాలేదు. రూతు మామూలుగా, కూరగాయలు అడిగినట్టు, "స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ టబ్బులు ఇవ్వబడును" అంది. సైదులు మైకు వైపు చూశాడు. అది ఆగే ఉంది. మళ్లీ రూతు వైపు చూశాడు. రెండు చేతులూ జోడించాడు. మాట రాలేదు, వచ్చినా వినపడేది కాదు.

నన్ను అమ్ముకోడానికి కాదు, గిన్నెల కిందికి తీసుకున్నాడు. గతుకుల్లో గిన్నెలు కొట్టుకోకుండా ఉంటాయని బండి మీద పరిచాడు. అప్పటినుంచి నేనుండేది ఇక్కడే. మైకు నా పక్కనే ఉంటుంది. రూతుకి ఒక చిల్లుల గిన్నె ఇచ్చాడు. ఆవిడ తీసుకుని వెళ్లబోతుంటే బతిమాలుతున్నట్టు అడిగాడు.

"అమ్మా, ఇప్పుడు పాత సెల్లులు కూడా తీసుకుంటన్నా. ఆ ఒక్క ముక్క కలిపి మళ్లీ చెప్తారా? ఎక్కడన్నా గోల లేని చోటుంటే..."

"చోటెందుకు? ఇక్కడే చెప్తా. ఫోను పట్టు."

వెనక ఆటో హారను కొడుతోంది. పక్క పోర్షన్లో మిక్సీ తిరుగుతోంది. రూతు గిన్నెని చంకలో పెట్టుకుని, ఫోను దగ్గరికి వంగి, "అమ్మా..." అంది. పాత చీరలంది, పాత ప్యాంట్లంది, పాత సెల్లులంది, ఇవ్వబడును అంది. ఒక్కసారికే వచ్చేసింది. ఆ గోల మధ్య ప్రతి అక్షరం వినపడింది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. "ఆగయ్యా, వస్తన్నా, ఆగు!" అంటూ ఒకావిడ పాత బట్టల మూటతో పరిగెత్తుకొచ్చింది. మూట నా మీద పడేసి గిన్నెలు ఏరుకోవడం మొదలుపెట్టింది. పక్కనే ఉన్న రూతు వైపు చూడలేదు.

పైన గదిలోంచి యోబు నిద్రమత్తు గొంతు వినిపించింది.

"రూతూ, బండి మళ్లీ వచ్చిందే. ఆ కిటికీ వెయ్యి, నిద్ర పట్టట్లేదు."

రూతు మెట్లెక్కి వెళ్లింది. కాసేపటికి కిటికీ మూసుకుంది.